ఇంటి పార్టీ అమ్మకాలు

ఇంటి పార్టీ అమ్మకం అనగా ఒక గృహిణి తన ఇంటికి పిలిచిన బంధుమిత్రుల ఎదుట విక్రేత సరుకులను ప్రదర్శించి, వాడి చూపించి, అక్కడికక్కడే ఆర్డర్లు తీసుకొనే వ్యాపార పద్ధతి. దీనికి "పార్టీ ప్లాన్" అనే పేరు కూడా కలదు. దుకాణం లేకుండా సరుకును నేరుగా వినియోగదారునికి చేర్చే ప్రత్యక్ష విక్రయం (డైరెక్ట్ సెల్లింగ్) లో ఇది ఒక శాఖ. 20వ శతాబ్దపు అమెరికాలో రూపుదిద్దుకొన్న ఈ పద్ధతి టప్పర్‌వేర్ ప్లాస్టిక్ డబ్బాల ద్వారా ప్రపంచమంతటా వ్యాపించింది. వంటసామాను, సౌందర్య సాధనాలు, గృహాలంకరణ వస్తువులు, దుస్తులు, నగలు ఈ విధంగా ఎక్కువగా అమ్ముడవుతాయి. విక్రేతలలోనూ, కొనుగోలుదారులలోనూ అత్యధికులు స్త్రీలే.

ఈ వ్యాపారం నిలబడటం, కూలిపోవడం ఒకే విషయంపై ఆధారపడి ఉంటుంది. అది విక్రేత తన ఊరిలో, తన చుట్టుపక్కల పేటలలో కొత్త కొనుగోలుదారులను కనుగొనగలగడం. బంధువులు, స్నేహితులు ఒకటి రెండుసార్లు కొంటారు. ఆ తరువాత ఏమిటన్నదే ప్రతి విక్రేతకూ ఎదురయ్యే ప్రశ్న.

జరిగే విధానం

ఇందులో మూడు పాత్రలు ఉంటాయి. మొదటిది విక్రేత. ఈమె కంపెనీ ఉద్యోగి కాదు. కమీషన్ మీద లేదా కొన్న ధరకూ అమ్మిన ధరకూ గల తేడా మీద సంపాదించే స్వతంత్ర వ్యాపారి. రెండవది ఆతిథేయి, అనగా తన ఇంటిని ఇచ్చి, పదిమందిని పిలిచి, కాఫీ ఫలహారాలు ఏర్పాటు చేసే గృహిణి. మూడవది అతిథులు.

అతిథులు వచ్చిన తరువాత విక్రేత ఒకటి రెండు చిన్న ఆటలు ఆడించి, వస్తువులను ఒక్కొక్కటిగా చేతికి ఇచ్చి చూపిస్తుంది. చివరలో ఆర్డర్లు రాసుకుంటుంది. సరుకు కొన్ని రోజుల తరువాత వస్తుంది. ఆతిథేయికి ఆనాటి అమ్మకాల మొత్తాన్ని బట్టి ఒక బహుమతి ఇస్తారు. అతిథులలో ఎవరైనా తమ ఇంట్లో కూడా పార్టీ పెట్టడానికి ఒప్పుకుంటే ఆ బహుమతి విలువ పెరుగుతుంది. ఈ చివరి ఏర్పాటు చూడటానికి చిన్నదే గాని, మొత్తం యంత్రాన్ని నడిపించే చక్రం అదే. ఏ పార్టీలోనైనా విక్రేతకు కావలసినవి రెండు: ఆనాటి ఆర్డర్లు, రాబోయే పార్టీల తేదీలు. అనుభవం గల విక్రేతలు రెండవదానినే ఎక్కువ విలువైనదిగా భావిస్తారు.

అతిథులకు విక్రేత సాధారణంగా అపరిచితురాలు. వారి నమ్మకం విక్రేత మీద కాదు, పిలిచిన ఇంటావిడ మీద. దుకాణదారుడు ఏళ్ళ తరబడి సంపాదించుకొనే నమ్మకాన్ని ఈ పద్ధతి ఒక సాయంకాలం కోసం అరువు తెచ్చుకుంటుందని చెప్పవచ్చును.

చరిత్ర

అమెరికాలో 19వ శతాబ్దం నుండి ఇంటింటికీ తిరిగి అమ్మే వర్తకులు ఉండేవారు. నేటి ఏవన్ కంపెనీకి మాతృక అయిన కాలిఫోర్నియా పెర్‌ఫ్యూమ్ కంపెనీ 1886లో ఇదే పద్ధతిలో ప్రారంభమైనది. అయితే పిలవని పేరంటంగా తలుపు తట్టేవారి మీద జనానికి విసుగు పుట్టింది. 1931లో వయోమింగ్ రాష్ట్రంలోని గ్రీన్ రివర్ పట్టణం, ఇంటివారి ఆహ్వానం లేకుండా అమ్మకాలకు వచ్చేవారిని నిషేధిస్తూ ఒక శాసనం చేసింది. అనేక పట్టణాలు దానిని అనుసరించాయి. ఇటువంటి శాసనం చెల్లుతుందని 1951లో అమెరికా సుప్రీంకోర్టు లూసియానాకు చెందిన ఒక కేసులో తీర్పు చెప్పింది. ఇంటి పార్టీకి ఈ ఇబ్బంది లేదు. ఇక్కడ విక్రేత పిలవగా వచ్చిన మనిషి.

1931లోనే మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫ్రాంక్ స్టాన్లీ బెవరిడ్జ్ స్థాపించిన స్టాన్లీ హోమ్ ప్రొడక్ట్స్ అనే సంస్థ బ్రష్షులు, శుభ్రపరచే సామగ్రి అమ్మేది. ఒక్కొక్క ఇంటికి వెళ్ళి ఒక్కొక్కరికి చూపించేకన్నా ఒకే ఇంట్లో పదిమందికి ఒకేసారి చూపించడం మేలన్న ఆలోచన ఈ సంస్థలో ఒక క్రమబద్ధమైన పద్ధతిగా మారింది. తరువాతి కాలంలో పేరుపొందిన అనేకమంది ఇక్కడే పని నేర్చుకున్నారు. 1963లో డాలస్‌లో తన పేరుతోనే సౌందర్య సాధనాల కంపెనీ స్థాపించిన మేరీ కే ఆష్ వారిలో ఒకరు. మరొకరు బ్రౌనీ వైజ్.

ఎర్ల్ టప్పర్ (1907-1983) పాలిథిలీన్‌తో తయారుచేసిన గిన్నెలు 1946లో మార్కెట్‌లోకి వచ్చాయి. రంగు డబ్బా మూత నమూనాగా ఆయన రూపొందించిన మూత గాలి చొరకుండా బిగుసుకుంటుంది. వస్తువు మంచిదే అయినా దుకాణాలలో అమ్ముడుపోలేదు. మూతను ఎలా నొక్కాలో, నొక్కినప్పుడు లోపలి గాలి ఎందుకు చప్పుడు చేస్తూ బయటకు పోతుందో చెప్పేవారు అక్కడ లేరు. అదే సమయంలో స్టాన్లీ సంస్థ విక్రేతలు కొందరు ఈ గిన్నెలను కొని ఇళ్ళలో చూపించి విరివిగా అమ్మసాగారు. వారిలో ముఖ్యురాలు బ్రౌనీ వైజ్ (1913-1992). విడాకులు పొంది, ఒక కుమారుని పెంచుకుంటూ ఈ వ్యాపారంలోకి వచ్చిన ఈమె ద్రవం నింపి మూతపెట్టిన గిన్నెను గది అడ్డంగా విసిరి, చుక్క కూడా ఒలకలేదని చూపించేది. 1951లో టప్పర్ ఈమెను ఉపాధ్యక్షురాలిగా నియమించి, సరుకును దుకాణాల నుండి పూర్తిగా ఉపసంహరించి, ఇంటి పార్టీల ద్వారా మాత్రమే అమ్మే ఏర్పాటు చేశాడు.

ఫ్లోరిడాలోని కిస్సిమ్మీలో ప్రధాన కార్యాలయం వెలసింది. 1954 ఏప్రిల్‌లో బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రంగా వచ్చిన తొలి మహిళ బ్రౌనీ వైజ్. ఆ ఏడాదే విక్రేతల వార్షికోత్సవంలో భూమిలో పాతిపెట్టిన బహుమతులను పారలతో తవ్వి తీసుకొనే పోటీ నిర్వహించారు. ఇంత చేసినా 1958 జనవరిలో టప్పర్ ఈమెను తొలగించాడు. ఆమెకు కంపెనీలో వాటా లేదు; దక్కినది దాదాపు ఒక ఏడాది జీతం, సుమారు 30,000 డాలర్లు. అదే సంవత్సరం టప్పర్ కంపెనీని రెక్సాల్ సంస్థకు 1 కోటి 60 లక్షల డాలర్లకు అమ్మివేశాడు. వేలమంది స్త్రీలకు స్వంత సంపాదన రుచి చూపించిన మనిషికి జరిగిన ఈ అన్యాయం ఈ వ్యాపార చరిత్రలో తరచు ప్రస్తావనకు వస్తుంది.

1960లో ఇంగ్లాండులోని వేబ్రిడ్జ్‌లో జరిగిన పార్టీతో ఈ పద్ధతి ఐరోపాకు చేరింది. 1980లో షికాగో సమీపంలో డోరిస్ క్రిస్టఫర్ ప్రారంభించిన పాంపర్డ్ షెఫ్ వంటసామాను కంపెనీ కూడా ఇదే దారిలో పెరిగి, 2002లో వారెన్ బఫెట్‌కు చెందిన బర్క్‌షైర్ హాథవే చేతికి వచ్చింది.

కొత్త కొనుగోలుదారుల లెక్క

ఈ వ్యాపారం ఎందుకు ఆగిపోతుందో తెలుసుకోవడానికి పాఠశాలలో చెప్పే గుణశ్రేఢి చాలు. ఒక విక్రేత తన దగ్గరి బంధువుల సాయంతో మొదట 5 పార్టీలు జరిపిందనుకొందాం. ఒక్కొక్క పార్టీ నుండి సగటున 0.8 కొత్త పార్టీ, అనగా ప్రతి 5 పార్టీలకు 4 కొత్తవి కుదిరాయనుకొందాం. రెండవ విడత 4, మూడవ విడత 3.2, ఆపైన 2.56 ఇలా తగ్గుతూ పోతాయి. ఎంతకాలం సాగినా మొత్తం 25 పార్టీలను దాటదు. వారానికి రెండు చొప్పున మూడు నెలలలో పని ముగిసిపోతుంది. సగటు 0.5 అయితే మొత్తం 10 మాత్రమే. చాలామంది విక్రేతలు మూడు నాలుగు నెలలలో మానుకోవడానికి వారి బద్ధకం కారణమని కంపెనీల సభలలో చెబుతుంటారు. వాస్తవానికి అది చాలాసార్లు ఈ లెక్క ఫలితమే.

సగటు 1కి మించితే మరొక చిక్కు వస్తుంది. పార్టీకి 1.2 చొప్పున కుదిరితే 5తో మొదలైనది పది విడతలు పెరిగేసరికి విడతకు 31 పార్టీలు అవుతాయి. పార్టీకి పదిమంది చొప్పున 310 మంది అతిథులు కావాలి. 300 ఇళ్ళు గల కాలనీలో ఆ ఒక్క విడతకే జనం చాలరు. అంతకుముందే ఒకే ముఖాలు పదే పదే కనబడటం మొదలవుతుంది. ఒక వీధిలోని స్త్రీలు ఒకరినొకరు పిలుచుకోవడం సహజం కనుక అతిథుల జాబితాలు ఒకదానిపై ఒకటి పడతాయి. కాబట్టి పార్టీల సంఖ్య పెంచడం ఒక్కటే చాలదు. పాత వలయం నుండి బయటపడి కొత్త వలయంలోకి ప్రవేశించాలి.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసం ఇక్కడ ఉపయోగపడుతుంది. గాఢమైన స్నేహాలు ఒకే గుంపులోని వారిని కలుపుతాయి, కొద్దిపాటి పరిచయాలు వేరువేరు గుంపుల మధ్య వంతెనగా పనిచేస్తాయి అన్నది దాని సారాంశం. ఇంటి పార్టీలో మాత్రం ఒక వైరుధ్యం ఉన్నది. 1990లో ఫ్రెంజెన్, డేవిస్ అనే పరిశోధకులు ఇంటి పార్టీల కొనుగోళ్ళను పరిశీలించి, అతిథి కొంటుందా లేదా అన్నది ఆతిథేయితో ఆమెకు గల అనుబంధం మీద బాగా ఆధారపడి ఉంటుందని చూపారు. అనగా దగ్గరివారు కొంటారు, కాని కొత్తవారి వద్దకు తీసుకుపోలేరు. దూరపు పరిచయస్థులు కొత్త గుంపుకు దారి చూపగలరు, కాని కొనాలన్న మొహమాటం వారికి తక్కువ. నిలదొక్కుకున్న విక్రేతలు రెండింటినీ కలుపుతారు. పార్టీలో ఎక్కువ కొన్న అతిథికన్నా, అక్కడున్న మిగతావారితో అంతగా పరిచయం లేని అతిథిని తరువాతి ఆతిథేయిగా అడుగుతారు. పొరుగింటావిడ పార్టీకి వచ్చే పదిమందిలో ఏడెనిమిది మంది పాతవారే. అదే ఒక ఆడపడుచు వేరే పేట నుండి వచ్చి ఉంటే ఆమె పిలిచే పదిమందీ కొత్తవారే.

స్థానికంగా కొత్తవారిని చేరుకొనే మార్గాలు

టప్పర్‌వేర్ తొలినాటి విక్రేతలు "క్యారెట్ కాలింగ్" అనే ఉపాయాన్ని వాడేవారు. విక్రేత ఒక వీధిలో ఇంటింటికీ వెళ్ళి, ఏమీ అమ్మకుండా, ఒక చిన్న ప్రయోగం చేయమని గృహిణిని కోరేది. కొన్ని క్యారెట్లు టప్పర్‌వేర్ డబ్బాలో, మరికొన్ని ఆమె మామూలుగా దాచుకొనే దానిలో ఉంచి, ఏవి తాజాగా ఉన్నాయో పోల్చి చూడాలి. ఈ ప్రయోగం తరచు ఆ ఇంట్లో పార్టీ కుదరడానికి దారితీసేది. ఇందులోని కిటుకు గమనించదగినది. మొదటి రాకలో డబ్బు ప్రసక్తి లేదు, మాట ఇవ్వవలసిన పని లేదు. రెండవ రాకకు కారణం మాత్రం ఏర్పడింది. పైగా వస్తువు గొప్పతనాన్ని విక్రేత చెప్పడం లేదు, గృహిణి తన వంటింట్లో తానే చూసుకున్నది. వస్తువులో నిజంగా సత్తా ఉంటేనే ఈ పద్ధతి పనిచేస్తుందన్నది వేరే సంగతి.

ఊరికి కొత్తగా వచ్చిన కుటుంబాలు మరొక ముఖ్యమైన వర్గం. వారికి పరిచయాలు లేవు, ఇంటికి సామాను కావాలి. 1928లో టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో ప్రారంభమైన వెల్కమ్ వేగన్ అనే సంస్థ ఈ సూత్రం మీదనే నడిచింది. స్థానిక వర్తకులు ఇచ్చిన చిన్న కానుకల బుట్టతో ఒక మహిళ కొత్త కాపురం వారిని పలకరించడానికి వెళ్ళేది. ఇంటి పార్టీ విక్రేతలకు దీని నుండి నేర్చుకోవలసినది ఒకటుంది. కొత్తగా వచ్చినవారిని కొనుగోలుకు పిలిచే ముందు వారికి పాలు ఎక్కడ దొరుకుతాయో, బడి ఏదో, వైద్యుడు ఎవరో చెప్పగలిగిన మనిషి మాటకు విలువ ఎక్కువ. కొత్త ఇల్లాలిని నలుగురికీ పరిచయం చేయడానికే ఒక పార్టీ ఏర్పాటు చేయడం అమెరికా శివారు కాలనీలలో మామూలు విషయంగా ఉండేది. ఒంటరితనం ఎక్కువగా ఉన్న ఆ కాలనీలలో గిన్నెల కోసం కన్నా మనుషుల కోసమే చాలామంది వచ్చేవారు.

బహిరంగ ప్రదేశాలలో బల్ల వేసుకొని ప్రదర్శించడం మరొక మార్గం. బడి వార్షికోత్సవాలు, చర్చి సంతలు, అపార్ట్‌మెంట్ సంఘాల పండుగ వేడుకలు, మహిళా మండలుల ప్రదర్శనలు ఇందుకు అనువైనవి. ఇక్కడ అప్పటికప్పుడు జరిగే అమ్మకాలు బల్ల అద్దెకు కూడా సరిపోకపోవచ్చును. అసలు ప్రయోజనం పేర్లు, ఫోన్ నెంబర్లు, అవి కూడా ఇష్టపడి ఇచ్చినవి సేకరించడం. లాటరీ చీటీ పేరుతో అందరి నెంబర్లూ రాయించుకొని తరువాత వరుసగా ఫోన్లు చేయడం చెడ్డ పేరు తెస్తుంది. వస్తువు గురించి రెండు ప్రశ్నలు అడిగిన పదిమంది పేర్లు, బహుమతి కోసం రాసిన రెండువందల పేర్లకన్నా మేలైనవి.

స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉద్యోగాలకు వెళ్ళసాగిన తరువాత మధ్యాహ్నం పార్టీలకు వచ్చేవారు తగ్గారు. దానితో కార్యాలయాలలో భోజన విరామ సమయంలో, లేదా సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు క్లుప్తంగా ప్రదర్శన జరిపే పద్ధతి వచ్చింది. ఉద్యోగుల గుంపు ఒకే వీధికి చెందినది కాదు కనుక, ఒక కార్యాలయం నుండి ఇరవై పేటలకు దారి దొరుకుతుంది. పై అధికారి ఆతిథేయిగా ఉండి కింది ఉద్యోగులు అతిథులైతే మాత్రం అది అమ్మకం కాక వసూలు అవుతుంది.

అమ్మిన తరువాతి సేవ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పగిలిన మూతకు బదులు ఇవ్వడం, వస్తువు వాడకం ఎలా ఉందని నెల తరువాత కనుక్కోవడం, విరిగినదాన్ని తానే కంపెనీకి పంపి మార్పించడం వంటి పనులకు కమీషన్ రాదు. అయినా కొత్తవారిని తెచ్చేవి ఇవే. మూత మార్చి ఇవ్వడానికి వెళ్ళిన రోజున ఆ ఇంట్లో ఎవరో ఒక చుట్టం ఉండటం, ఆమె డబ్బాను చేతిలోకి తీసుకొని చూడటం తరచు జరుగుతుంది.

ఆదాయ వ్యయాలు

ఒక ఊహాత్మక ఉదాహరణ. ఒక పార్టీలో 6,000 రూపాయల అమ్మకాలు జరిగి, విక్రేత వాటా 25 శాతం అనుకుంటే 1,500 రూపాయలు వస్తుంది. ఆతిథేయి కానుకలో తాను భరించేది 300, రాకపోకలకు 150, నమూనా వస్తువుల అరుగుదలకు 150 తీసివేస్తే మిగిలేది 900. పిలుపులు, ప్రదర్శన, ఆర్డర్ల పని, సరుకు పంపిణీ అన్నీ కలిపి 8 గంటలు పడితే గంటకు సుమారు 112 రూపాయలు. ఆ పార్టీలో పరిచయమైన ఇద్దరు ఏడాదికి నాలుగుసార్లు తలా 1,000 రూపాయల సరుకు తిరిగి కొంటే, ఆ ఇద్దరి మీద వచ్చే వాటా ఏడాదికి 2,000. అనగా మొత్తం పార్టీ మీద మిగిలినదానికి రెట్టింపుకన్నా ఎక్కువ. పార్టీ అనేది సంపాదించే సందర్భం కన్నా, పరిచయం చేసుకొనే ఖర్చుగా చూడటం సబబు. అయితే ప్లాస్టిక్ డబ్బా వంటి మన్నికైన వస్తువు పదేళ్ళు పాడుకాదు. కొన్నవారు మళ్ళీ కొననక్కరలేదు. సబ్బులు, క్రీములు వంటి అయిపోయే సరుకు అమ్మేవారికి ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉన్నది.

లెక్కలో తరచు మరచిపోయేది విక్రేత తానే కొని ఇంట్లో పెట్టుకున్న సరుకు. నెలవారీ లక్ష్యం అందుకోవడానికి, లేదా పై స్థాయి కోల్పోకుండా ఉండటానికి స్వంత డబ్బుతో కొన్న సరుకు అమ్మకం కింద చూపబడినా, అది ఆదాయం కాదు. కొత్త కొనుగోలుదారులు దొరకని విక్రేతలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

తెలుగునాట

భారతదేశంలో ఆర్థిక సరళీకరణ తరువాత ఓరిఫ్లేమ్ 1995లో, టప్పర్‌వేర్, మోదీకేర్ 1996లో, ఆమ్‌వే 1998లో కార్యకలాపాలు ప్రారంభించాయి. వీటిలో ఇంటి పార్టీకి ప్రాధాన్యం ఇచ్చినది టప్పర్‌వేర్. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో కిట్టీ పార్టీలు, అపార్ట్‌మెంట్ మహిళా బృందాలు దీనికి సిద్ధంగా ఉన్న వేదికలయ్యాయి.

ఇంటికి వచ్చి అమ్మడం తెలుగువారికి కొత్త కాదు. గాజుల మలారం భుజాన వేసుకొని వచ్చే గాజులవారు, పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చేవారు, మూటలు విప్పి చీరలు పరిచే వర్తకులు తరతరాలుగా ఉన్నారు. గాజులవాడు ఒక అరుగు మీద కూర్చుంటే వీధిలోని ఆడవారందరూ అక్కడికే వచ్చేవారు. నేడు అనేకమంది గృహిణులు మంగళగిరి, వెంకటగిరి, గద్వాల, పోచంపల్లి చీరలను తెచ్చి శ్రావణమాసానికి, పెళ్ళిళ్ళకు ముందు ఇంట్లోనే పరిచి, తెలిసినవారిని పిలిచి, వాయిదాల మీద అమ్ముతున్నారు. ఏ కంపెనీతోనూ సంబంధం లేని ఈ వ్యాపారం అచ్చమైన ఇంటి పార్టీ అమ్మకమే. అమెరికాలోని తెలుగువారి మధ్య కూడా ఇటువంటి చీరల, నగల అమ్మకాలు ఇళ్ళలో జరుగుతుంటాయి.

పేరంటానికీ ఇంటి పార్టీకీ పైకి పోలిక కనబడుతుంది. రెండింటిలోనూ పిలుపు ఉంటుంది, పిలిచినవారింటికి వెళ్ళకపోతే బాగుండదన్న భావన ఉంటుంది. అయితే పేరంటంలో వచ్చినవారు తాంబూలం తీసుకుని వెళతారు. ఇక్కడ డబ్బు ఇచ్చి వెళతారు. ఈ తేడాను దాచిపెట్టి, అమ్మకం సంగతి చెప్పకుండా నోముకో పుట్టినరోజుకో పిలిచినట్లు పిలవడం వల్ల స్నేహాలు చెడిన సందర్భాలు తక్కువేమీ కాదు. పిలిచేటప్పుడే "సామాను చూపిస్తారు, కొనాలని ఏమీ లేదు" అని చెప్పే ఆతిథేయి ఇంటికి వచ్చేవారు కొద్దిమందే కావచ్చును గాని, వారు రెండవసారి కూడా వస్తారు.

వాయిదాల మీద ఇవ్వడం తెలుగునాట కొత్త కొనుగోలుదారులను తేవడానికి సులభమైన మార్గం, అంతే ప్రమాదకరమైనది కూడా. చీర తీసుకున్న ఇంటికి బాకీ కోసం వెళ్ళడానికి అమ్మిన గృహిణి మొహమాటపడుతుంది. బాకీ ఉన్న గృహిణి ఎదురుపడటానికి మొహమాటపడి ఆ తరువాతి పిలుపుకు రాదు. ఒక బాకీతో డబ్బు, కొనుగోలుదారు రెండూ పోతాయి.

విమర్శలు

స్నేహాన్ని వ్యాపారానికి వాడుకోవడం ఈ పద్ధతిపై ప్రధాన విమర్శ. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్దీని 1984లో ప్రచురించిన "ఇన్‌ఫ్లుయెన్స్" అనే గ్రంథంలో టప్పర్‌వేర్ పార్టీని ఉదాహరణగా తీసుకున్నాడు. కానుక అందుకున్నవారు బదులు తీర్చుకోవాలనుకోవడం, పక్కవారు కొంటుంటే మనమూ కొనడం, ఇష్టమైన మనిషి అడిగితే కాదనలేకపోవడం ఈ మూడూ ఒకే గదిలో కలిసి పనిచేస్తాయని వివరించాడు. మరోవైపు, బయట ఉద్యోగాలు దొరకని కాలంలో, చదువు తక్కువైన స్త్రీలకు ఇల్లు విడువకుండానే సంపాదనను, నలుగురి ఎదుట మాట్లాడే ధైర్యాన్ని ఇచ్చినది కూడా ఈ పద్ధతేనని చరిత్రకారులు గుర్తించారు. ఆలిసన్ క్లార్క్ 1999లో ప్రచురించిన టప్పర్‌వేర్ చరిత్ర ఈ రెండు కోణాలనూ చూపుతుంది.

గొలుసుకట్టు వ్యాపారంతో తేడా

కొత్త కొనుగోలుదారులు దొరకని విక్రేత ముందు మరొక దారి కనబడుతుంది: కొనేవారికి బదులు అమ్మేవారిని చేర్చుకోవడం. ఇక్కడే ఇంటి పార్టీ అమ్మకం గొలుసుకట్టు వ్యాపారంగా మారే ప్రమాదం ఉన్నది. వచ్చే ఆదాయం బయటివారికి అమ్మిన సరుకు నుండి వస్తున్నదా, లేక కొత్తగా చేరినవారు కట్టిన డబ్బు నుండి వస్తున్నదా అన్నదే గీటురాయి.

1979లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆమ్‌వే కేసులో తీర్పునిస్తూ, ఆ సంస్థ పాటిస్తున్న మూడు నియమాలను పరిగణనలోకి తీసుకుని అది పిరమిడ్ పథకం కాదని తేల్చింది. వాటిలో ఒకటి, విక్రేత ప్రతి నెలా కనీసం పదిమంది వినియోగదారులకు అమ్మినట్లు చూపాలన్నది. మిగతావి కొన్న సరుకులో 70 శాతం అమ్మి ఉండాలన్నది, అమ్ముడుపోని సరుకును తిరిగి తీసుకోవాలన్నది.

భారతదేశంలో 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం గొలుసుకట్టు పథకాలను నేరంగా పరిగణిస్తుంది. ఆమ్‌వే పథకం ఈ చట్టం పరిధిలోకి వస్తుందని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అభిప్రాయపడి, పోలీసు చర్యను ప్రశ్నిస్తూ కంపెనీ వేసిన పిటిషన్‌ను తోసిపుచ్చింది. అమెరికాలో ఒకరకంగా, ఇక్కడ మరొకరకంగా తీర్పులు రావడంతో ప్రత్యక్ష విక్రయానికి ప్రత్యేక నియమాలు కావాలన్న వాదన బలపడింది. కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలను, ఆపైన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2021 డిసెంబరు 28న ప్రత్యక్ష విక్రయ నియమాలను వెలువరించింది.

ఇటీవలి మార్పులు

టప్పర్‌వేర్ 2003లో బ్రిటన్‌లో ఇంటి పార్టీ అమ్మకాలను నిలిపివేసింది. 2020లో కరోనా కారణంగా ఇళ్ళలో గుమికూడటం ఆగిపోయి, పార్టీలు వీడియో సమావేశాలుగా మారాయి. అందరూ ఇళ్ళలో వండుకోవడంతో ఆ ఏడాది డబ్బాల అమ్మకాలు పెరిగినా ఆ ఊపు నిలవలేదు. 2022లో టప్పర్‌వేర్ అమెరికాలోని టార్గెట్ దుకాణాలలోకి వెళ్ళింది. 1951లో తాను విడిచివచ్చిన దుకాణపు అర కోసం మళ్ళీ తిరిగి వెళ్ళినట్లయింది. 2024 సెప్టెంబరులో ఆ కంపెనీ అమెరికా కోర్టులో దివాలా రక్షణ కోరింది. కొద్ది నెలలలోనే దాని ఆస్తులు రుణదాతల చేతికి వెళ్ళాయి. పేరు మాత్రం వాడుకలో ఉన్నది.

వాట్సాప్ బృందాలు ఇప్పుడు పార్టీ గదికి ప్రత్యామ్నాయంగా మారాయి. ఖర్చు లేదు, పిలుపులు లేవు. కాని వస్తువును చేతితో తాకి చూసే అవకాశం, పక్కమనిషి అభిప్రాయం వినే అవకాశం కూడా లేవు. అడగకుండా బృందంలో చేర్చబడినవారు చాలామంది దానిని మూగబోయేలా చేసి ఊరుకుంటారు. విక్రేత మాత్రం 200 మంది చూస్తున్నారనుకుంటుంది.

వినియోగదారుల హక్కులు

2021 నియమాల ప్రకారం విక్రేత గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా వినియోగదారుని ఇంటికి వెళ్ళరాదు. మాట మొదలుపెట్టగానే తానెవరో, ఏ సంస్థ తరఫున వచ్చిందో, ఏ వస్తువు అమ్మడానికి వచ్చిందో స్పష్టంగా చెప్పాలి. ధర, చెల్లింపు, సరుకు వాపసు, మార్పిడి, హామీ షరతులు వివరించాలి. విక్రేతగా చేరడానికి ప్రవేశ రుసుము వసూలు చేయరాదు. పిరమిడ్ పథకాన్ని ప్రోత్సహించరాదు. సంస్థ తప్పనిసరిగా ఒక ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఆయన ఫిర్యాదు అందినట్లు 48 పనిగంటలలో తెలిపి, సాధారణంగా ఒక నెలలో పరిష్కరించాలి. అక్కడ న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చును, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చును. ఇందుకు రసీదు అవసరం. తెలిసినవారి ఇంట్లో కొన్న సరుకుకు రసీదు అడగడానికి చాలామంది సంకోచిస్తారు గాని, నియమాలు తెలిసిన విక్రేత అడగకుండానే రాసి ఇస్తుంది.